మల్లికకు వచ్చిన ముప్పై ఎనిమిది మార్కులు

"తొంభై ఒకటి వచ్చినప్పుడు తప్పు నాది. ముప్పై ఎనిమిది వచ్చినప్పుడు ఎవరి తప్పూ లేదు. ఈ మాట ఆయప్పను ఎట్ల నమ్మించేది అబ్బా? ఇంకా చెప్తే నన్నే పిచ్చోణ్ణి అంటాడు."

దేవదాసు ఈ మాట అంటూ జిరాక్స్ మెషిన్ మూత దించాడు. ఆయప్ప అంటే, అప్పుడే అంగడి మెట్లు దిగి బస్టాండు వైపు పోయిన పోతులయ్య. రొద్దం పక్కన పల్లె ఆయనది, గొర్రెలు మేపుతాడు. కూతురు మల్లిక హిందూపురంలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. పదో తరగతి ఇంగ్లీషులో తొంభై ఒకటి తెచ్చుకున్న పిల్లకు ఇప్పుడు క్వార్టర్లీ పరీక్షలో ముప్పై ఎనిమిది వచ్చాయి. పోయేకొద్దీ తగ్గే చదువు ఏం చదువని పోతులయ్య అడిగిపోయాడు. ఎల్లుండి ఆదివారం హిందూపురం పోయి పిల్లనూ పెట్టెనూ తెచ్చేసుకుంటాడట. సోమవారం నుంచి ఆ పిల్ల కూడా ఊరి ఆడపిల్లలతో కలిసి గార్మెంట్స్ ఫ్యాక్టరీ వ్యాను ఎక్కుతుందట. కోపంగా చెప్పలేదు. పొద్దు వాలింది, మందను ఇంటికి తోలాలి అన్నట్టు నిదానంగా చెప్పాడు. అందుకే దేవదాసుకు గట్టిగా ఎదురు చెప్పడం చేతకాలేదు.

నాకు వారానికొకసారి ధర్మవరం నుంచి హిందూపురం పోయే పని ఉంటుంది. దారిలో పెనుకొండలో దిగి, దేవదాసు అంగట్లో ఒక పూట కూచుని, ఆయన చెప్పేది విని, తర్వాతి బండికి పోవడం ఎన్నేళ్ల నుంచో అలవాటు. తహసీల్దారు ఆఫీసుకు ఎదురుగా చిన్న అంగడి. ముందర రేకుల వరండా, అందులో రెండు పొడుగు బల్లలు. పొద్దునంతా పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు, వన్‌బీ భూమి నకళ్లు పట్టుకున్న రైతులు కూచుంటారు. సాయంత్రం ఐదు దాటితే అవే బల్లల మీద బడిపిల్లలు.

దేవదాసుకు యాభై రెండేళ్లు. ఇంటర్ ఇంగ్లీషులో మూడు మార్లు తప్పి చదువు మానేసినవాడు. ఆ సంగతి దాచుకోడు. పిల్లలెవరైనా సార్ అని పిలిస్తే, సార్ అనిపించుకోవాలంటే ముందు నేను పాస్ కావాల కదరా అంటాడు. పిల్లలకు ఆయన మామ. అలాంటి మనిషి దగ్గరికి చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలు ఇంగ్లీషు హోంవర్కు పట్టుకుని ఎందుకొచ్చేవారో ఇన్నాళ్లకు ఆ రోజు నాకు మొదటినుంచీ చెప్పాడు.

మొదట్లో పిల్లలు గైడు పేజీలు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చేవారు. ఒకరోజు ఒక పిల్ల మెట్ల మీద కూచుని ఏడుస్తోంది. ఇంగ్లీషులో ఒక పేరా, దాని కింద ఐదు ప్రశ్నలు. తెల్లారి బడిలో చూపించాలి. దేవదాసు పుస్తకం తీసుకుని చూశాడు. పేరా ఆయనకూ అర్థం కాలేదు. కానీ పగలంతా కాగితాలు చూసే మనిషి కదా, ఒకటి కనిపెట్టాడు.

"ప్రశ్నలో 'రివర్' అని ఉంటే, పైన పేరాలో యాడో ఒక కాడ 'రివర్' అని ఉంటాది. దాని కింద పెన్సిలుతో గీత కొట్టు. ఆ లైనును ఎత్తి రాయి. అంతే. చదవొద్దు అని చెప్తాంటి పిల్లోళ్లకు. చదివితే మనసు యాడికో పోతాది, టైము చాలదు అని చెప్తాంటి." ఇక్కడిదాకా చెప్పి నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఏటా మోడల్ పేపర్లు వందలు వందలు ఆయన చేతిమీదుగా పోయేవి. వాటిని చూసి చూసి ఆ గీతకు ఇంకా పదును పెట్టాడు. ఎవరు అని అడిగితే పెద్దక్షరంతో మొదలయ్యే మాట ఉన్న లైను. ఎప్పుడు అని అడిగితే అంకె ఉన్న లైను. ఎందుకు అని అడిగితే 'బికాజ్' ఉన్న లైను. అది లేకపోతే కండ్లు మూసుకుని చివరి లైను. చాలావరకు సరిపోయేది. మార్కులు వచ్చేవి. బడి అయ్యవార్లే కొందరు, పోయి దేవదాసు గీత నేర్చుకోండి అని పంపించేవారట. ఆయన ఫీజు తీసుకున్నది లేదు. పిల్లలతో బల్లలు నిండితే అదొక సంతోషం. మూడు మార్లు తప్పిన పరీక్షను ఇంతమంది చేత పాస్ చేయిస్తున్నాననుకునేవాడు.

ఆయన భార్య ముత్యాలమ్మ మాత్రం మొదటినుంచీ ఆ గీతను నమ్మలేదు. ఆమె అంగన్‌వాడీలో ఆయా. సంతకం తప్ప వేరే రాత రాదు, ఏ భాషలోనూ చదవలేదు. సాయంత్రం పని దిగి వచ్చి వరండా మూల కూచుని చెనిక్కాయలు ఒలుస్తూ అంతా చూసేది. పుస్తకాలన్నీ దుక్కి దున్నినట్టు చేస్తాండావు, ఇత్తనం ఎప్పుడు ఏస్తావయ్యా అని మొగుణ్ణి అడిగేది. పిల్లలు నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు.

ఆ బల్ల మీద అందరికంటే చురుకైనది మల్లిక. సెలవు దినాల్లో నాయన వెంట మంద వెనక నడిచిన పిల్ల. రెండు మందలు కలిసిపోతే తమ గొర్రెలను ఒక్క చూపులో వేరుచేసే కండ్లు. పేజీలో మాట వెతకడం ఆ కండ్లకు ఒక లెక్క కాదు. దేవదాసు ప్రశ్న చదివి ముగించేలోపు ఆమె పెన్సిలు గీత మీద ఉండేది. పదో తరగతిలో తొంభై ఒకటి వచ్చిన రోజు పోతులయ్య మూటెడు చెనిక్కాయలు తెచ్చి అంగట్లో దించి, నా బిడ్డకు ఇంగ్లీషు వచ్చేసిందప్పా అన్నాడట. తల్లి వెంకటక్క ముత్యాలమ్మ చేతులు పట్టుకుందట. జూన్‌లో హిందూపురంలో కాలేజీలో చేర్చారు.

జూలైలో ఒక పొద్దున దేవదాసు అంగడి తీయడానికి వస్తే మెట్ల మీద మల్లిక. పక్కన బ్యాగు.

కాలేజీలో జరిగింది పెద్ద సంగతేమీ కాదు. ఇంగ్లీషు చెప్పే శ్రీదేవి మేడం క్లాసులో ఒక పేరా చదవమని, పుస్తకాలు మూయించి, అందులో ఏం జరిగిందో చెప్పమని ఒక్కొక్కరినీ లేపింది. ఇంగ్లీషులోనే చెప్పక్కర్లేదు, తెలుగులో చెప్పండి, ఇంట్లో కన్నడ మాట్లాడేవాళ్లు కన్నడలో చెప్పండి అంది. పక్క పిల్లలు తడబడుతూనే ఏదో చెప్పారు. తొంభై ఒకటి వచ్చిన పిల్ల ఏది అని అడిగి మల్లికను లేపింది. మల్లిక నిలబడింది. ప్రశ్న లేదు, పేజీ లేదు, గీత కొట్టడానికి ఏమీ లేదు. అప్పుడు తెలిసింది, తను ఇన్నేళ్లలో ఒక్క పేరా కూడా చదవలేదని. మేడం తిట్టలేదు. కూచో అమ్మా, తర్వాత చెబుదువులే అని మెత్తగా అంది. తిట్టి ఉంటే ఉండిపోయేదాన్ని, ఆ మెత్తదనం నేను తట్టుకోలేకపోయినా మామా అని మెట్ల మీద ఏడ్చిందట.

హాస్టల్ వార్డెన్ పది దినాలు సెలవిచ్చింది. ఆ లోపల రాకపోతే ఆ చోటు వేరే పిల్లకు పోతుంది. ఇంటికి పోతే నాయన ఏమంటాడో ఆమెకు తెలుసు. అందుకే ఊరికి పోకముందు ఇక్కడ దిగింది. దేవదాసు ధైర్యం చెప్పి, బ్యాగులోంచి కాలేజీ పుస్తకం తీయించి, ఒక పాఠం తెరిచి, అలవాటు కొద్దీ పెన్సిలు తీశాడు.

"మామా, గీత వద్దు. ఇందులో ఏముండాదో చెప్పు."

దేవదాసు ఆ పేజీని చాలాసేపు చూశాడు. పాసుపుస్తకం పట్టుకుని ఎవరో రైతు వచ్చి నిలబడితే కాసేపు ఆగమన్నాడు.

"నాకు రాదు పాపా."

"మరి ఇన్నేండ్లు ఎట్ల చెప్పినావు?"

"నీ మాదిరే."

ఇది చెప్పేటప్పుడు దేవదాసు నా వైపు చూడలేదు. మెషిన్ అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ ఉన్నాడు. "అప్పుడు నాకు మొగం యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు అబ్బా. ఇంతమంది పిల్లోళ్లు. ఒకరన్నా నన్ను ఆ మాట అడిగి ఉండకూడదా అనిపిచ్చె. మా ముత్యాలమ్మే లోపలికి వచ్చి, ఏడ్చేది చాలు, ఇద్దరికీ రాదు కదా, ఇద్దరూ కూచోని చదవండి, ఎవరు ముందు పాసవుతారో నేను చూస్తా అనె."

అట్లా మొదలైంది. మల్లిక ఊరికి పోయి, కాలేజీలో ఇంగ్లీషు కష్టంగా ఉంది, దేవదాసు మామ దగ్గర పది దినాలు చెప్పించుకుని పోతానని ఇంట్లో ఒప్పించింది. పొద్దున బస్సుకు వచ్చేది, సాయంత్రం బస్సుకు పోయేది. మొదటి రెండు రోజులూ ఫోనులో ఒక్కొక్క మాటకూ అర్థం వెతికి మాట పైన తెలుగు రాసుకున్నారు. మాటలన్నీ తెలిసినా పేరా తెలియలేదు. ఎప్పుడు చదివినట్టు, ఎప్పుడు చదవనట్టు అని వాళ్లకే గుర్తు తెలియలేదు. ఆ గుర్తు చెప్పింది ముత్యాలమ్మ. మీ పుస్తకం నాకు తెలీదు, నాకు కథ చెప్పండి అంది. పేరా చదివాక పుస్తకం మూసి ముత్యాలమ్మకు తెలుగులో చెప్పాలి. ఆమె చెనిక్కాయలు ఒలుస్తూ వింటుంది. విని "ఏంది?" అంటే వీళ్లకు అర్థం కాలేదన్న మాట, మళ్లీ మొదటికి పోవాలి. "ఆ తర్వాత?" అంటే తర్వాతి పేరాకు పోవచ్చు.

అట్లా కథ చెప్పిన మొదటి రోజు ఆమె పదకొండు మార్లు ఏంది అందట. దేవదాసు చెప్పినప్పుడు ఎనిమిది, మల్లిక చెప్పినప్పుడు మూడు. మొగుడు లెక్క తప్పు చెప్తున్నాడని లోపలి నుంచి ముత్యాలమ్మ గొంతు వినిపించింది. తొమ్మిది అంది.

ఆ పుస్తకంలో ఒక పాఠం ఎక్కడో మంచు కురిసే కొండల్లో గొర్రెలు కాచుకునే ఒకతని కథ. మంచు కురవబోతోందని మబ్బు చూసి మందను కిందికి దింపుకుంటూ వస్తాడు. చూడి గొర్రె ఒకటి వెనకబడిపోతుంది. ముత్యాలమ్మ మంచు దగ్గరే ఏంది అంది. ఫ్రిజ్జులో పైగూట్లో తెల్లగా పట్టుకుంటాది చూడత్తా, అది ఆకాశం నుంచి పడి ఊరంతా నిండితే ఎట్లుంటాది, అట్లా అని మల్లిక చెప్పింది. అందులో గొర్రె మునిగిపోతే కాళ్లు కూడా కనపడవని తనే కలిపి చెప్పింది. ముత్యాలమ్మ చెనిక్కాయలు ఒలవడం ఆపి, ఆ తర్వాత అంది.

పాఠం కింద మూడో ప్రశ్న, ఆ కాపరి వెంటనే వెనక్కి ఎందుకు పోలేదు అని. పాత పద్ధతిలో అయితే బికాజ్ కోసం వెతకాలి. పాఠం అంతటా ఆ మాట లేదు. దేవదాసు పెన్సిలు పట్టుకుని చివరి లైను దాకా పోయి వచ్చాడు. చలికి భయపడినాడేమో అన్నాడు. మళ్లీ ఆయనకే నచ్చలేదు. చర్చిలో చిన్నప్పటి నుంచి విన్న తప్పిపోయిన గొర్రె కథ మనసులో ఉంది కదా, తప్పిపోయిన దాని కోసరం పోవాల్సిందే, పోకపోవడం ఆ మనిషి తప్పే అని రాద్దామన్నాడు. మల్లిక కాసేపు పేజీ చూసి నవ్వింది. వచ్చిన వారం దినాల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

"మామా, నువ్వు ఎప్పుడన్నా మంద తోలినావా? ఒకదాని కోసరం ఎనక్కి తిరిగితే ముందరుండేవి నిలబడతాయా? ఆటిని దొడ్డికి చేర్చి, ఎవరినన్నా కాపలా పెట్టి, అప్పుడు పోతాడు. పోకుండా మాత్రం ఉండడు. మా నాయనైనా అట్లే చేస్తాడు."

అప్పుడు మళ్లీ పైకి పోయి చదివారు. దొడ్డి తలుపు వేసినాడని ఒక పేరాలో ఉంది. లాంతరు చెల్లెలి చేతికిచ్చి ఇక్కడే నిలబడమన్నాడని ఇంకో పేరాలో ఉంది. రెండూ అంతకుముందే చదివారు, ముత్యాలమ్మకు చెప్పారు కూడా. ఆ రెండింటికీ ఈ ప్రశ్నకూ సంబంధం ఉందని తోచలేదు. జవాబు ఏ ఒక్క లైనులోనూ లేదు. మందను ఎరిగిన పిల్ల తలలో అది కూడుకుంది. మల్లిక మూడు ఇంగ్లీషు వాక్యాలు తన సొంతంగా రాసింది. అందులో ఎన్ని తప్పులున్నాయో తనకూ తెలీదు, ఆమెకూ తెలీదు అన్నాడు దేవదాసు. "అయినా అవి యాడినుంచీ ఎత్తి రాసినవి కాదు అబ్బా. నా బల్ల మీద అన్నేండ్లలో అట్లాంటి జవాబు అదే మొదటిది."

పదో రోజు మల్లిక హిందూపురం బస్సెక్కింది. అప్పటినుంచీ దేవదాసు పిల్లలకు గీత చెప్పడం మానేశాడు. చదివి, పుస్తకం మూసి, ముత్యాలమ్మకు కథ చెప్పండి అన్నాడు. ఒక పాఠానికి వారం పడుతోంది. నెల తిరిగేసరికి రెండు బల్లల్లో ఒకటి ఖాళీ అయింది. పక్క వీధి నరసక్క వచ్చి, పరీక్షలో మీ ఆయమ్మ కూచోని ఆ తర్వాత అని అడుగుతాదా, నా కొడుకుకు ముందుండే మాదిరి గీతే చెప్పు దేవదాసన్నా, తెలిసింది నా బిడ్డ కాడ ఎందుకు దాస్తావు అని నిష్ఠూరమాడింది. ఆమె మాటలోనూ న్యాయం లేకపోలేదని ఆయనకు తెలుసు. ఈ మార్చిలో పరీక్ష రాసేవాళ్లకు వారానికొక పాఠం ఎక్కడ చాలుతుంది. ఒప్పుకోనూ లేడు, కాదననూ లేడు. ఆమె కొడుకు ఇప్పటికీ వస్తాడు, దేవదాసు చూడనప్పుడు బల్ల కింద పుస్తకం పెట్టుకుని గీతలు కొట్టుకుంటాడు. చూసీ చూడనట్టు ఉంటాడీయన.

ఇంతలో ముప్పై ఎనిమిది. పోతులయ్యకు ఆ గీత సంగతి కూడా చెప్పినావా అని నేను అడిగాను. చెప్పాడట, ఈ పొద్దే చెప్పాడట. ఆ తొంభై ఒకటి నా గీతతో వచ్చినవి, నీ బిడ్డ అప్పుడు చదవలేదు, ఇప్పుడు చదివి సొంతంగా రాస్తాంది, అందుకే తగ్గినాయి అని. పోతులయ్య అంతా విన్నాడు. విని, ఆ తొంభై ఒకటి వేసింది గవర్నమెంటు కదప్పా, గవర్నమెంటు వేసిన మార్కు నువ్వెట్ల కొట్టేస్తావు అన్నాడు. పట్నంలో చేరి పిల్ల మనసు చెదిరిందని ఆయన భయం. బిడ్డ మీద ఆయనకు ప్రేమ లేక కాదు. తగ్గుతున్న అంకె తప్ప ఆయనకు కనబడేది ఇంకేమీ లేదు.

"నేను కూడా ఆయప్ప చోట ఉంటే అదే చూస్తా," అన్నాడు దేవదాసు. ఒక ముసలాయన ఆధార్ కార్డు ఇస్తే రెండు కాపీలు తీసి ఇచ్చాడు. ముత్యాలమ్మ టీ తెచ్చి ఇద్దరి ముందర పెట్టి, అంకె కనబడితే అంకే చూస్తాడు, ఆ పిల్ల రాసింది కనబడితే రాసింది చూస్తాడు, ఆయప్పకు ఎవరు చూపించినారు అంది. లోపలికి పోయింది.

దేవదాసు టీ గ్లాసు పట్టుకుని అట్లే ఆమె పోయిన వైపు చూశాడు. తర్వాత నా బండి టైము అడిగాడు. ఇంకా ముక్కాలు గంట ఉందన్నాను. రేపు సాయంత్రం ఇటే తిరుక్కోని వస్తావు కదా అన్నాడు. వస్తానన్నాను. అప్పుడు గ్లాసు కింద పెట్టి, షెల్ఫు మీది నుంచి గట్టి అట్ట కవరు ఒకటి తీశాడు.

"హాస్టల్ కాడికి పో అబ్బా. మల్లికను పిలిపించు. క్వార్టర్లీ జవాబు పేపర్లు పిల్లోళ్లకే తిరిగి ఇచ్చేసినారంట. ఇంగ్లీషుది ఇమ్మని అడుగు. సిగ్గుపడి లేదంటాది. మామ అడగమన్నాడని చెప్పు. అంకె వేసిన మొదటి పేజీ ఉన్నా లేకున్నా ఫరవాలేదు, లోపల అది రాసింది కావాల నాకు. ఇప్పుడు నేను చదవగలను. నిదానంగా చదువుతా, అయినా చదువుతా. ఆదివారం పోతులయ్య హిందూపురం పోవాలంటే ఈ బస్టాండులోనే బస్సు మారాల. ఆయప్పను పట్టుకొచ్చి ఈడ బల్ల మీద కూచోబెట్టి, ఆయప్ప బిడ్డ రాసింది ఒక్కొక్క లైను తెలుగులో చెప్తా. విన్నాక తెచ్చుకుంటాడో, ఆడే పెడతాడో ఆయప్ప ఇష్టం."

నేను కవరు తీసుకుని లేచాను. మెట్లు దిగుతుంటే మళ్లీ పిలిచాడు.

"ఆ పిల్ల కాడ మార్కుల మాట ఎత్తొద్దు. నాయన వస్తాండాడని కూడా చెప్పొద్దు, రాత్రంతా ఏడుస్తాది. తిన్నావా అని అడుగు, పేపరు తీసుకో, వచ్చేయి."